నడిపి చదివిన మధ్యయుగం

మా అక్కకు ముగ్గురూ ఆడపిల్లలే. ఇది రెండో అమ్మాయి సంగతి. ఇంట్లో ఆమెను నడిపి అంటారు, ఆసుపత్రిలో తోటి పనివాళ్ళు నడిపక్క అంటారు. సర్టిఫికెట్లలో ఉన్న పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె ఒక్క క్షణం ఆగి, ఇంకెవరినో అనుకుని, ఆ తరవాత పలుకుతుంది.

ఆమె పనిచేసింది ఒక పెద్ద ఆసుపత్రి సెల్లారులో, బట్టలు ఉతికే విభాగంలో. ఒక గోడ వెంట ఉతికే యంత్రాలు, ఎదుటి గోడ వెంట ఆరబెట్టే యంత్రాలు, నడుమ నడుమెత్తు బల్ల. ఆరిన దుప్పట్లను ఇద్దరు చెరో కొసా పట్టుకుని విదిలించి, మడతలు వేసి, దొంతరగా పేర్చాలి. చిరిగినవాటిని పక్కకు తీసి, బాగున్న మేరకు నలుపలకలుగా కత్తిరించి, తుడుపుగుడ్డలుగా మార్చాలి. నడిపి తన ఉద్యోగ జీవితంలో చాలా భాగం ఆ బల్ల ఎదుట నిలబడింది. నిలబడింది అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థమే తీసుకోవాలి. అతిశయోక్తి ఏమీ లేదు. ఆ గదిలో కుర్చీ లేదు.

నలభై దాటేసరికి మోకాళ్ళ కింద నరాలు నీలంగా ఉబ్బి, తాళ్ళలా మెలికలు తిరిగాయి. పై అంతస్తులో ఉన్న డాక్టరుకు చూపిస్తే ఆయన కాళ్ళకు బిగుతుగా వేసుకునే మేజోళ్ళు రాసిచ్చి, "నిలబడే పని తగ్గించండమ్మా" అన్నాడు.

"అలాగేనండి. కూర్చుని మడతపెట్టే దుప్పటి ఎక్కడైనా దొరికితే చెప్పండి" అంది నడిపి.

కూర్చునే పని ఆ భవనంలో లేకపోలేదు. మొదటి అంతస్తులో రికార్డు రూము ఉంది. అక్కడి గుమాస్తా త్వరలో పదవీ విరమణ చేయనున్నాడు. ఆసుపత్రిలో పనిచేస్తున్నవాళ్ళకే ఆ ఉద్యోగంలో మొదటి అవకాశమని ఆఫీసులో చెప్పారు. ఏదైనా డిగ్రీ ఉండాలని కూడా చెప్పారు. నడిపి చదువు ఇంటర్మీడియట్ దగ్గర ఆగిపోయింది. తన అక్క పెళ్ళి, తండ్రి మరణం, చెల్లెలి కాలేజీ ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడు ఎవరో ఒకరు పనిలో చేరవలసివచ్చింది. ఆ ఎవరో ఒకరు ఆమె అయింది.

ఆమె విశ్వవిద్యాలయంలో చేరడం, చరిత్ర తీసుకోవడం జ్ఞానతృష్ణ వల్లనేనని తరవాత కొందరు బంధువులు మెచ్చుకోలుగా చెప్పుకున్నారు. సాక్ష్యం అందుకు అనుకూలంగా లేదు. షిఫ్టు దిగాక వెళ్ళగలిగే సాయంకాలపు తరగతులు ఉన్నది ఆ ఒక్క గ్రూపుకే. గణితానికి ఉండి ఉంటే గణితమే చదివేది. ఇలా అన్నందువల్ల ఆమె గౌరవానికి లోటు లేదు. అవసరం కోసం మొదలుపెట్టిన చదువును ఆమె నిజాయితీగానే చదివింది.

అన్ని పేపర్లూ ఎలాగో గట్టెక్కాయి. ఒక్కటి మాత్రం కొరకరాని కొయ్య అయింది. దాని పేరు మధ్యయుగ ప్రపంచం.

ఆ పేపరు పేరు ఇంట్లో మొదటిసారి వినిపించిన రోజున నేను అక్కడే ఉన్నాను. మా అక్క నడిపి దగ్గరే ఉంటుంది. వయసు మీదపడి చెవులు మందగించినా మాటలో పదును తగ్గలేదు.

"మధ్యయుగమా? అంటే ఈ మధ్య సంగతులేనా?" అని అడిగింది అక్క.

"కాదమ్మా. ఎప్పటిదో. వెయ్యేళ్ళ కిందటిది."

"మరి ఈ మధ్య అంటావేం?"

"ఈ మధ్య అనలేదు. మధ్య అన్నాను."

"దేనికీ దేనికీ మధ్య?"

నడిపి కాస్త తడుముకుంది. "పాతకాలానికీ, కొత్తకాలానికీ."

"అదేం కాలమే? పాతదీ కాదు, కొత్తదీ కాదు. అచ్చం నీలాగే ఉంది."

అక్కడే కూర్చుని బూట్లు విప్పుకుంటున్న నడిపి భర్త ఈ మాటకు పడీపడీ నవ్వాడు. ఆయన అదే ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ పేపరును 'ఈ మధ్య చదువు' అనే పిలిచాడు. "ఏమోయ్, ఈ మధ్య చదువు ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే, "ఇంకా మధ్యలోనే ఉందండీ" అనేది నడిపి. మొదట్లో ఇద్దరూ నవ్వేవారు. తరవాత ఆయన ఒక్కడే నవ్వేవాడు. ఆ తరవాత ఆయనా మానేశాడు.

ఆమె చదివిన చోటు లిఫ్టు. ఇది కల్పించిన ముచ్చట కాదు, నేను కళ్ళారా చూశాను. శుభ్రమైన బట్టల తోపుడు బండితో వార్డులకు వెళ్ళేటప్పుడు ఆమె లిఫ్టు ఎక్కగానే ఆయన తన స్టూలు మీద నుంచి లేచేవాడు. ఆమె కూర్చుని, దుప్పట్ల కింద దాచుకున్న పుస్తకం తీసేది. పై అంతస్తు వచ్చేలోగా ఒక పేరా. కిందికి దిగుతూ అదే పేరా మళ్ళీ. మధ్యలో ఎక్కిన నర్సులు బండి మీద మోచెయ్యి ఆనించి, "ఇవాళ ఏ దేశంలో ఉన్నావు నడిపక్కా?" అని పలకరించేవారు.

"ఇంకా ఓడలోనే ఉన్నాను. రేవు రావట్లేదు" అనేది ఆమె.

"నేను పొద్దుటి నుంచీ ప్రయాణంలోనే ఉన్నాను. నాకూ రాలేదు" అనేవాడు ఆయన, మీట మీద నుంచి చెయ్యి తీయకుండా.

ఆ పేపరు ఎందుకు కష్టమో న్యాయంగా చెప్పాలి. ఒక దేశపు చరిత్ర అయితే రాజు తరవాత రాజు వరసగా వస్తారు. వరస పట్టుకుంటే గండం గడుస్తుంది. ఇది అలాంటిది కాదు. ఒకే శతాబ్దంలో ఒకచోట కాగితం తయారవుతుంటుంది, ఇంకొకచోట ఇంకా తోలు మీదే రాస్తుంటారు, వేరొకచోట గాలి తిరిగేదాకా ఓడలు రేవులో కాచుకుని ఉంటాయి, మరొకచోటికి మహమ్మారి ఒంటెల బాటల వెంట నడిచివస్తుంది. ఏదీ దేని తరవాతా రాదు; అన్నీ ఒక్కసారే జరుగుతాయి. రోజంతా ఒక దొంతర తరవాత ఒక దొంతర పేర్చే మనిషికి ఇది మింగుడుపడలేదు.

మొదటిసారి పరీక్షలో ఆమె ప్రశ్నతో పనిలేకుండా తెలిసిన రాజుల పేర్లన్నీ రాసివచ్చింది. తప్పింది. రెండోసారి, పనిలోకి రాని మనిషి షిఫ్టు కూడా తానే చేసి నేరుగా పరీక్షకు వెళ్ళి, మొదటి జవాబు నడుమ బల్ల మీద తల వాల్చింది. లేపేసరికి మిగతావాళ్ళు కాగితాలు ఇచ్చేస్తున్నారు. తప్పింది. ఈ రెండింటిలోనూ విశ్వవిద్యాలయం తప్పు ఏమీ లేదు. ఆమె కూడా అలా ఎప్పుడూ అనలేదు. నిబంధన ప్రకారం మూడో అవకాశమే ఆఖరిది. అది కూడా పోతే పేరు కొట్టేస్తారు. డిగ్రీ ఉండదు, రికార్డు రూము ఉండదు. రిటైరయ్యేదాకా ఆ బల్ల, ఆ నిలబడటం మాత్రమే ఉంటాయి.

ఆ ఏడాది పద్ధతి కొంచెం మార్చారు. రాతపరీక్షకు బదులు ఆ కాలపు వస్తువు ఒకదాన్ని ఎంచుకుని దాని మీద ఒక వ్యాసం రాయాలి. తరవాత దాన్ని మౌఖిక పరీక్షలో నిలబెట్టుకోవాలి. పాఠం చెప్పే లెక్చరర్ ఆమె కంటే చిన్నది. తరగతిలో మిగతా పిల్లలు నడిపిని 'ఆంటీ' అంటే, లెక్చరర్ మాత్రం 'మీరు' అనేది. చివరి వరసలో ఆమె కునికినప్పుడు లేపేది కాదు. అది దయ అనుకోవచ్చు, ఉపేక్ష అనుకోవచ్చు. దయే అయి ఉంటుందని తరవాత జరిగినదాన్ని బట్టి నేను అనుకుంటున్నాను.

వస్తువుల ఫోటోలు బల్ల మీద పరిచి ఎంచుకోమన్నారు. నాణేలు, పింగాణీ పెంకులు, దీపపు కుందె, ఓడ లంగరు. నడిపి చెయ్యి నేరుగా ఒక గుడ్డముక్క మీదికి వెళ్ళింది. ఒక సముద్రతీరంలో నేసి, అచ్చులద్ది, ఓడలెక్కించిన నూలుగుడ్డ. అది నేసిన చోటికి ఎంతో దూరాన, ఎడారి అంచున, పాత పట్నపు చెత్తదిబ్బలో దొరికింది. నీలి నేల మీద తెల్ల పువ్వులు. అరచెయ్యి కంటే కొంచెం పెద్దది.

ఆ సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసి మాట్లాడిన తీరులో చాలాకాలంగా లేని ఉత్సాహం ఉంది. "మామయ్యా, గుడ్డ నాకు తెలుసు. ఇది మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు."

వ్యాసం తొందరగానే రాసింది. దాన్ని నేను చూశాను. భాష శుభ్రంగా ఉంది. వాదన ఇది: ఆ గుడ్డ అంచులు నాలుగు వైపులా సూటిగా కత్తిరించి ఉన్నాయి. చిరిగిన గుడ్డ అంచు అలా ఉండదు. కాబట్టి ఇది పెద్ద దుప్పటి ఒకటి చిరిగాక, బాగున్న మేరకు నలుపలకగా కత్తిరించి తుడుపుగుడ్డగా వాడుకున్న ముక్క. కాబట్టి దూరదేశాల నుంచి వచ్చిన సరుకు సైతం చివరికి పేద ఇళ్ళ వంటింటి దాకా చేరేది. కాబట్టి ఆ కాలపు వ్యాపారం ధనికులది మాత్రమే కాదు. మూడు 'కాబట్టి'లు ఒకదాని మీద ఒకటి, ఆమె దొంతరల్లాగే, పొందికగా నిలబడ్డాయి. నాకూ బాగానే ఉందనిపించింది.

లెక్చరర్ దాన్ని చదివి ఆమెను గదికి పిలిచింది. అక్కడ జరిగింది నడిపి చెప్పగా విన్నదే. అయినా తనకు ప్రతికూలమైన సంగతులను కూడా ఆమె దాచలేదు కనుక నమ్ముతున్నాను.

"అంచులు ఎవరు కత్తిరించారని రాశారు?" అని అడిగింది లెక్చరర్.

"ఆ ఇంటివాళ్ళేనండి. మా దగ్గర కూడా అలాగే కత్తిరిస్తాం. చూడగానే తెలిసిపోతుంది."

లెక్చరర్ ఫోటో తిప్పి వెనక ఉన్న వివరం చూపించింది. నడిపి దాన్ని చదవలేదు. చదవాలనే అనిపించలేదు, గుడ్డ తనకు తెలుసు కదా. ఆ తవ్వకాల్లో పెద్ద గుడ్డ ఒకటి దొరికిందట. దాన్ని కొన్న వర్తకుడు ముక్కలు చేసి, పువ్వు బాగున్న మేరకు కత్తిరించి, ముక్కకొక బేరంగా అమ్ముకున్నాడట. అది జరిగి నూరేళ్ళు కూడా కాలేదు.

"అంటే ఈ కత్తెర..." అంది నడిపి.

"మొన్నమొన్నటిది. మీ వ్యాసమంతా ఆ కత్తెర మీదే నిలబడి ఉంది."

"ఇది మార్చుకోవచ్చాండీ?"

"వారం గడువు ఇస్తాను. కానీ ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీకు తెలిసిన పని మీకు సాయం చేస్తుంది. మీకు తెలిసినదే వాళ్ళూ చేశారనుకుంటే మాత్రం కొంప ముంచుతుంది."

ఆ మరునాడు సెలవు. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి నడిపి గోడకు కాళ్ళు ఆనించి నేల మీద పడుకుని ఉంది. నరాలు వాస్తే అలా పడుకోమన్నారు. భర్త టీ పెడుతున్నాడు. వ్యాసం కుర్చీ మీద ఉంది.

"మామయ్యా, మీరే రాసిపెట్టండి. మీకు ఇదంతా ఒక లెక్కా?" అంది కళ్ళు తెరవకుండానే.

"రాయను."

"ఎందుకని?"

"రేపు రికార్డు రూములో కూడా నీ బదులు నన్నే కూర్చోమంటావు గనుక."

భర్త వంటింట్లోంచి, "ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది" అన్నాడు.

"న్యాయం మీ ఇద్దరి దగ్గరే ఉంచుకోండి. నా దగ్గర పెట్టుకోవడానికి చోటు లేదు." వంటింటి వైపు తల తిప్పి, "మానేస్తానండీ. నిజంగా చెప్తున్నా. ఒళ్ళు పులిసిపోయింది. బల్ల ముందు పోయినా ఫర్వాలేదు. ఎప్పుడో వెయ్యేళ్ళ కింద ఎవరు ఏ గుడ్డతో ఏం తుడుచుకుంటే నాకెందుకు?" అంది.

ఆయన టీ గ్లాసు ఆమె తల పక్కన పెట్టి, తిరిగి వెళ్ళి వంటింటి గడప మీద కూర్చున్నాడు. "మానెయ్. నా స్టూలు నాకు మిగుల్తుంది" అన్నాడు. అది ఆయన ఓదార్పు. ఆమె నవ్వలేదు. ఆమెను చదవమనే హక్కు ఆ గదిలో ఎవరికీ లేదు.

సాయంత్రం చిన్నది వచ్చింది. ఆమె ముగ్గురిలో చివరిది. అదే పట్నంలో వేరే వీధిలో ఉంటుంది, వారానికోసారి తల్లిని చూసిపోతుంది. వచ్చినప్పుడల్లా పాత ఫోటోల పెట్టె దింపడం అలవాటు, తల్లికి కాలక్షేపమని. అక్క ఒక్కొక్క ఫోటో కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఒకదాని దగ్గర ఆగింది. మెట్ల మీద ఇద్దరు పిల్లలు. పెద్దదాని ఒళ్ళో చిన్నది, నోట్లో వేలు.

"ఇది పెద్దది. ఇదుగో, ఇది చిన్నమ్మాయి" అంది అక్క.

చిన్నది తొంగి చూసింది. "నేనా? నేను అంత నల్లగా ఉండేదాన్నా?"

"నువ్వెందుకవుతావే? నడిపి."

"చిన్నమ్మాయి అన్నావుగా?"

"అప్పుడది చిన్నమ్మాయేగా. నువ్వు పుట్టావా ఏంటి అప్పటికి? చిన్నమ్మాయ్, చిన్నమ్మాయ్ అని ఇల్లంతా దాని వెనకాలే తిరిగేవాళ్ళం. ఇంక చాలనుకున్నాం మీ నాన్నా నేనూ. ఇదే ఆఖరనుకున్నాం. నువ్వొచ్చి దాన్ని నడిపిని చేశావు."

"అక్కా, సారీ" అంది చిన్నది నవ్వుతూ, నేల మీద ఉన్న నడిపి వైపు తిరిగి. "నీ పోస్టు కొట్టేశాను."

నడిపి గోడ మీది కాళ్ళు దించి లేచి కూర్చుంది. "అమ్మా, ఆ పేరు నాకు ఎప్పుడొచ్చింది?"

"చెప్తున్నా కదే. ఇది పుట్టాక."

"ఈ ఫోటో తీసినప్పుడు నడిపి అని ఎవరూ లేరు?"

"లేరు. ఎక్కణ్ణుంచి వస్తారు?"

నడిపి ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తరవాత లేచి, కుర్చీ మీది వ్యాసం తీసి, తాను ఆ కుర్చీలో కూర్చుంది. పెన్ను కావాలని అడిగితే భర్త జేబులోంచి తీసి ఇచ్చాడు. వచ్చినవాళ్ళం ఇంకా ఉండగానే ఆమె రాయడం మొదలుపెట్టడం మర్యాదగా లేదని చిన్నది అంది. ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త వ్యాసం మొదటిదాని కంటే పొట్టిది. మొదటి వాక్యంలోనే తన పొరపాటు ఒప్పుకుంది: ఈ గుడ్డ అంచులను చూసి నేను ఒక ఇంటిని ఊహించాను, ఆ అంచులు ఆ కాలానివి కావు. ఆ తరవాత ఇలా సాగింది. నేసినవాడికి ఇది ముక్క కాదు. కట్టుకున్నవాళ్ళకూ కాదు. వందల ఏళ్ళ తరవాత వచ్చినవాడి కత్తెర దీన్ని ముక్కను చేసింది. మధ్యయుగం అనే పేరు కూడా అలాంటిదే. ఆ కాలంలో బతికినవాళ్ళెవరూ తాము మధ్యలో ఉన్నామని అనుకోలేదు. తరవాత పుట్టిన కాలం తనకు కొత్తకాలమని పేరు పెట్టుకుని, అంతకు ముందున్నదాన్ని అటూ ఇటూ కత్తిరించింది. గుడ్డను చదివేవాళ్ళు ముందు కత్తెరను పక్కన పెట్టి చదవాలి.

తన గురించి, ఫోటో గురించి అందులో ఒక్క మాట లేదు. ముందు రాసి, తరవాత తానే తీసేశానని ఆమె చెప్పింది. తీసెయ్యడం సరైన పనే.

ఒక్క లోటు మాత్రం మిగిలిపోయింది. మధ్యలో ఉన్నామని ఎవరూ అనుకోలేదన్న వాక్యం పక్కన లెక్చరర్ పెన్సిలుతో రాసింది: 'అనుకోలేదని మీకెలా తెలుసు?' ఇది గట్టి ప్రశ్న. మిగిలిన రోజుల్లో నడిపి దానికే జవాబు వెతికింది. లిఫ్టులో, స్టూలు మీద, దుప్పట్ల నడుమ. ఆ రోజుల్లో ఆమె ముఖం చూస్తే జ్వరం వచ్చి తగ్గినదానిలా ఉండేది. ఒకసారి పై అంతస్తు రాగానే లేవకపోతే, భర్త బండిని తానే వార్డు దాకా తోసి వచ్చాడట. అంతసేపు లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది, కిందివాళ్ళు గంట మోగిస్తూనే ఉన్నారు. ఇది ఆయన చెప్పింది. ఆయన చెప్పేవాటిలో కొంత తగ్గించుకుని వినడం నాకు అలవాటు. దీన్ని మాత్రం తగ్గించలేదు.

మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు. నెరిసిన గడ్డం, మెడలోని తాడుకు కట్టిన కళ్ళద్దాలు. పక్కన లెక్చరర్. గదిలో మూడు కుర్చీలున్నాయి. నడిపి నిలబడింది. ప్రొఫెసర్ వ్యాసం తిరగేస్తూ తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"మధ్యలో ఉన్నామని వాళ్ళనుకోలేదన్నారు. మరి ఎక్కడ ఉన్నామనుకున్నారు?"

"చివర్లో అనుకున్నారండి."

ఆయన తల ఎత్తాడు. "ఆధారం?"

"పశ్చిమాన మఠాల్లో రాసుకున్నవాళ్ళు లోకానికి ఆరు యుగాలని లెక్కపెట్టుకున్నారండి. తమది ఆరోది, ఆఖరిది అనుకున్నారు. క్లాసులో ఇచ్చిన పాఠంలో ఉంది. రెండో పేజీ కింద రాశాను. మహమ్మారి వచ్చినప్పుడు, ఇంక తరవాత చదివేవాళ్ళు మిగులుతారో లేదోనని రాసినవాళ్ళు కూడా ఉన్నారు. మధ్యలో ఉన్నామనుకునేవాళ్ళకు ఆ అనుమానం రాదు కదండీ."

"అది పశ్చిమం. మీ గుడ్డ నేసింది అక్కడ కాదు, దొరికిందీ అక్కడ కాదు. మిగతా ప్రపంచానికి ఈ మధ్యయుగం ఎలా వర్తిస్తుంది?"

నడిపి కాస్త ఆలోచించింది. అప్పుడు, వ్యాసంలో నుంచి తీసేసిన మాట నోటివెంట వచ్చేసింది. "మేము ముగ్గురం అక్కచెల్లెళ్ళమండి. ఇంట్లో నన్ను నడిపి అంటారు. చెల్లెలు పుట్టాక వచ్చిన పేరది. నేను మా అక్క అత్తారింటికి వెళ్తే అక్కడ నన్నెవరూ అలా అనరు. వాళ్ళ లెక్కలో నేను కోడలి చెల్లెల్ని, అంతే. మనిషిని నేనే. మధ్య అనేది మా ఇంట్లోనే."

లెక్చరర్ కిటికీ వైపు చూసింది, నవ్వు కనబడకుండా. ప్రొఫెసర్ నవ్వలేదు.

"పోలిక బాగుంది. పోలిక ఆధారం కాదు."

"కాదండి" అంది నడిపి.

"తూర్పు దేశాల వాళ్ళు తమ కాలాన్ని ఏమనుకున్నారో మీ వ్యాసంలో ఏమీ లేదు."

"లేదండి. చదవలేకపోయాను. టైము చాల్లేదు."

"టైము చాలలేదా, తోచలేదా?"

ఆమె కాళ్ళ మీద బరువు మార్చుకుంది. "రెండూనండి. ఇప్పుడు మీరడిగితే తోచింది."

ఆయన కళ్ళద్దాలు తీసి, మొదటిసారిగా ఆమెను పూర్తిగా చూశాడు. "కూర్చోండమ్మా. ఎందుకు నిలబడ్డారు?"

"అలవాటండి" అంది నడిపి. కూర్చుంది. ఆ తరవాత అడిగిన ప్రశ్నలు కొన్నే. వాటిలో రెంటికి ఆమె దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పింది.

ఆమెకు వచ్చినవి ఉత్తీర్ణతకు సరిపోయే మార్కులు. అంతకంటే కొంచెం ఎక్కువ, గొప్పగా చెప్పుకోవడానికి చాలవు. వ్యాసం నేను చదివాను. ఆ మార్కులు న్యాయమైనవే. వాదనలో బలం ఉంది, సగం ప్రపంచం లేదు. ఈ మాట ఆమెతోనే అన్నాను.

"సగం ప్రపంచం చాలు మామయ్యా. మిగతా సగం ఎవరైనా చదువుకుంటారులే" అంది.

మా అక్కకు ఫలితం చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒకటే: "అయితే ఈ మధ్య చదువు అయిపోయినట్టేనా?"

"అయిపోయిందమ్మా."

"ఏం తేలింది?"

"మధ్య అని ఏదీ లేదని తేలింది."

"అది తేలడానికి ఇన్నాళ్ళా? నన్నడిగితే చెప్పనా?" అంది అక్క. నిజానికి చెప్పింది ఆమేనన్న సంగతి ఎవరూ ఆమెకు గుర్తుచెయ్యలేదు.

గుమాస్తా పదవీ విరమణ కొంత వాయిదా పడింది. ఆ కొన్నాళ్ళూ నడిపి సెల్లారులోనే దుప్పట్లు మడతపెట్టింది. చిరిగినవాటిని కత్తిరిస్తూ కత్తెర కాస్త ఆపి అంచు వైపు చూస్తోందని తోటిమనిషి ఆమె భర్తతో అందట.

రికార్డు రూములో చేరిన రోజు మధ్యాహ్నం నేను ఏదో పని మీద ఆసుపత్రికి వెళ్ళి, లిఫ్టులో పైకి వెళ్తూ మొదటి అంతస్తులో దిగాను. స్టూలు మీద కూర్చుని ఉన్న నడిపి భర్త, "వెళ్ళి చూడండి మీ మేనకోడల్ని. పొద్దుటి నుంచి ఇంకా కూర్చోలేదట" అన్నాడు.

గది పొడవునా ఇనుప అరలు. కిటికీ దగ్గర బల్ల, బల్ల వెనక కుర్చీ, కుర్చీ మీద మెత్త. నడిపి బల్ల పక్కన నిలబడి, ఒక ఫైలు తీసి అంచులు సవరించి దొంతర మీద పెడుతోంది. లోపలి గదిలో నుంచి పెద్ద గుమాస్తా, ఆమె పైఅధికారి, విసుగ్గా అన్నాడు: "కొత్తావిడా, కూర్చోండి. కూర్చోవడానికేగా ఇంత చదువు చదివి వచ్చారు?"

"కూర్చుంటానండి" అంది ఆమె. కుర్చీ వైపు చూసి, చేత్తో మెత్త మీది దుమ్ము దులిపింది. తరవాత నా వైపు తిరిగింది. "పొద్దుటి నుంచీ అందరూ కొత్తావిడ, కొత్తావిడ అంటున్నారు మామయ్యా."

"కొత్తదానివే కదా."

"ఇంకొకరు చేరేదాకా" అంది నడిపి. అని, బల్ల అంచు పట్టుకుని, మెల్లగా, ముందు ఒక మోకాలు, తరవాత రెండోది వంచి, కూర్చుంది.